ఏవండోయ్ శ్రుతి

ఆ ఊళ్ళో వేసవి సంగీత ఉత్సవం దగ్గర పడిందంటే ముందుగా ప్రయాణం కట్టేవి కోడిపుంజులు. వైశాఖ పున్నమి ఇంకో రెండు రోజులుందనగా పుంజుల్ని గంపల్లో పెట్టి, పైన పాత చీర కప్పి, బళ్ళమీద రోలుగుంటలోనూ మాడుగులలోనూ ఉన్న చుట్టాల ఇళ్ళకి సాగనంపేవారు. తరవాత దూడల్ని ఆకలికి అరవకుండా తల్లుల పక్కనే కట్టేవారు. చంటిపిల్లల నాలిక మీద రాయడానికి మెత్తటి బెల్లం గిన్నెలో తీసి పెట్టుకునేవారు. చోడవరం నుంచి మాడుగుల పోయే మొదటి బస్సు డ్రైవరు దగ్గరికి ఒక మనిషిని పంపి, మా ఊరి మలుపులో హారన్ కొట్టకు నాయనా అని చెప్పించేవారు. అతను ఏటా తల ఊపేవాడు. ఏటా ఆ మలుపులో ఇంజను కూడా ఆపేసి, పల్లంలో బస్సుని దానంతట దాన్నే పోనిచ్చేవాడు. అంత మర్యాద తెలిసిన డ్రైవరు ఇప్పుడు దొరకడు.

ఇదంతా కొండ కోసం. ఊరి పేరు సుతికొండపాలెం. చోడవరానికి పడమటగా, ఏజెన్సీ కొండలు మొదలయ్యే చోట ఉంటుంది. ఊరి వెనక నిలబడ్డది సుతికొండ. శ్రుతి అని పలకడం ఆ ఊరివాళ్ళకి రాక కాదు, సుతి అంటే చాలనుకుని. ఉత్సవం మొదటి రోజు పొద్దు పొడిచే వేళ కొండ ముందుగా ఏ గొంతు వింటే ఆ గొంతు శ్రుతిని పట్టుకుంటుంది. పట్టుకుని మూడు రోజులపాటు ఆ ఒక్క స్వరాన్నే సన్నగా, తెంపు లేకుండా పలుకుతుంది. మూడో రోజు సాయంత్రం మంగళం పాడాక ఆపేస్తుంది. కాకులూ పిచికలూ లెక్కలోకి రావు, అవి కొండకి ఇంటివాళ్ళు. ఊరు పెంచుకున్న గొంతులే లెక్క.

విజయనగరం విద్వాంసులూ పిఠాపురం విద్వాంసులూ అంత ఎండలో బస్సులెక్కి, చోడవరంలో దిగి, అక్కణ్ణించి ఊరు మర్యాదకి పంపిన ఎడ్లబళ్ళ మీద వచ్చేది ఆ కొండ శ్రుతిలో కూచుని పాడడానికే. మాడుగుల హల్వా కోసం వస్తారని గిట్టనివాళ్ళు అనేవారు గానీ అందులో సగమే నిజం. మిగతా ఊళ్ళలో కచేరీకి పక్కన తంబురా పెట్టుకుంటారని విని సుతికొండపాలెం ఆడవాళ్ళు, పాపం, ఆళ్ళకి కొండ లేదు కామోసు అని జాలిపడేవారు.

అందుకని ఆ తెల్లవారుజామున ఊరంతా నోరు మూసుకునేది. గణపతిరావు ఒక్కడే కొండ కిందకి నడిచి వెళ్ళి, కొబ్బరికాయ కొట్టి, "స" అని నిండుగా అందుకునేవాడు. దాన్ని శ్రుతి అడగడం అనేవారు. నోటితో అడిగిన శ్రుతిలో నోటిపాటే పాడాలి, అదీ నిండు కచేరీ. ఫిడేలూ సన్నాయీ పక్కన ఉండొచ్చు గానీ వాటితో సరిపెడితే కుదరదు. అడిగి పాడకపోతే కొండకి అవమానం.

అవమానం జరిగితే ఏమవుతుందో ఊరికి తెలుసు. గణపతిరావు తాత రోజుల్లో ఎవరో పుంజుని చుట్టాలింటికి పంపకుండా గడ్డిమేటు వెనక దాచుకున్నారు. తాత కొబ్బరికాయ ఎత్తేలోపే అది కూసింది. ఆ మూడు రోజులూ కొండ కోడి శ్రుతి పలికింది. ఏ విద్వాంసుడూ ఆ ఎత్తుని అందుకోలేకపోయాడు. మంగళం వేళ పాట లేకుండానే దాటిపోయింది. ఆ తరవాత పన్నెండేళ్ళు కొండ నోరు విప్పలేదు, విద్వాంసులు రావడం మానేశారు, ఊళ్ళో ఒక తరం పిల్లలు పాట వినకుండానే పెద్దవాళ్ళయ్యారు. ఆ తరంవాళ్ళలో మిగిలిన ముసలివాళ్ళని మాటని బట్టి గుర్తుపట్టొచ్చు. పెళ్ళి కబురైనా చావు కబురైనా ఒకే ఎత్తులో చెబుతారు.

కర్నూలు మనకి రాజధానిగా ఉన్న రోజుల్లో ఈ సంగతి జరిగింది. అప్పటికి గణపతిరావుకి అరవై దాటుతున్నాయి. చెరకు పండించే రైతు, ఉత్సవానికి ప్రెసిడెంటు, తాతనుంచి తండ్రికీ తండ్రినుంచి తనకీ వచ్చిన హక్కుతో ముప్ఫై ఏళ్ళుగా శ్రుతి అడుగుతున్న మనిషి. హార్మోనియం మెట్ల లెక్కలో ఆయన "స" సరిగ్గా ఒకటో శ్రుతి, మగ విద్వాంసులకి పీట వేసినట్టు ఉండేది. కొండ తన చెప్పుచేతల్లో ఉందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీసాల్లో కనిపించేది. ఆ ఏడు ఉన్న కాసిని పళ్ళూ ఊడిపోతే విశాఖపట్నం వెళ్ళి కట్టుడు పళ్ళు పెట్టించుకుని వచ్చాడు. పళ్ళు లేకపోతే "స" రాదు, "హ" వస్తుంది. రాత్రి పడుకునే ముందు వాటిని తీసి, మంచం పక్కన కంచుగ్లాసులో నీళ్ళు పోసి వేసుకునేవాడు. ఇంకా అలవాటు పడలేదు.

ఆయన భార్య రాజ్యం ఉత్సవానికి వంట చేసేది. విద్వాంసులకీ, పక్కవాద్యాలవాళ్ళకీ, వాళ్ళ వెంట వచ్చి తల ఊపేవాళ్ళకీ, మూడు రోజులు రెండు పూటలా విస్తళ్ళు ఆవిడ చేతిమీదుగానే లేచేవి. బొబ్బిలి వైపు ఫిడేలు మేష్టారు కూతురు. పెళ్ళికి ముందు తండ్రి దగ్గర నికరంగా పాట నేర్చుకుంది. కాపరానికి వచ్చిన మొదటి వేసవిలో అత్తగారు, ఈ ఒక్క ఏడూ వంటలో సాయం పట్టమ్మా అంది. ఆ ఒక్క ఏడూ ముప్ఫై ఏళ్ళు నడిచింది. పాడొద్దని ఎవరూ అనలేదు. పాడమనీ ఎవరూ అనలేదు.

ఇన్నేళ్ళ కచేరీలూ రాజ్యం వంటింటి గోడ ఇవతలి నుంచి, మూకుళ్ళ చప్పుళ్ళ మధ్య విన్నవే. అందువల్ల ఆవిడకి కల్యాణి అంటే పనసపొట్టు కూర, తోడి అంటే మజ్జిగపులుసు. ఆ మూడు రోజులూ ఆవిడ కూనిరాగమైనా తీసేది కాదు. కొండ మొగుడి శ్రుతిలో ఉండేది, దాంతో కలిపి పాడబోతే గొంతు అడుక్కి దిగి మాయమైపోయేది. మిగతా ఏడాదంతా మాత్రం తెల్లారగట్ల పెరట్లో పాలు పితుకుతూ పాడుకునేది. గేదెకి అది అలవాటైపోయింది. వంటలో సాయం చేసే అచ్చియ్యమ్మ పేడ ఎత్తుతూ వినేది. గణపతిరావు ఆ వేళకి చెరకు తోటలో ఉండేవాడు.

ఆ ఏడు ఉత్సవం మొదటి రోజు తెల్లవారుజామున గణపతిరావు స్నానం చేసి, పట్టుపంచె కట్టి, కొబ్బరికాయ పట్టుకుని బయల్దేరాడు. ఊళ్ళో వాకిళ్ళన్నిట్లో జనం నిలబడి దండాలు పెట్టారు, ఒక్కరూ మాట్లాడలేదు. ఆయన కూడా లేచిన దగ్గర్నుంచీ నోరు తెరవలేదు, నియమం అది. నోరు తెరవని మనిషికి నోట్లో పళ్ళున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది?

రాజ్యం పక్క సర్దడానికి గదిలోకి వెళ్ళి గ్లాసు చూసింది. పళ్ళు అందులో ఉన్నాయి.

గ్లాసు పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది. ఆయన అప్పటికే పొలం గట్టు దాటి కొండ కింద బండమీదకి ఎక్కుతున్నాడు. రాజ్యం చేతులు ఊపింది, ఆయన వీపుకి కళ్ళు లేవు. గట్టు వెంట కొంతదూరం పరిగెత్తింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినపడింది. ఆయన ఛాతీ విరిచి, తల ఎత్తి, గుండెల నిండా గాలి పీల్చుకోవడం కనపడింది. ఇంకో క్షణంలో ముప్ఫై ఏళ్ళ పరువు "హ" అనేస్తుంది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే అలవాటు రాజ్యానికి లేదు, ఆ ఊళ్ళో ఏ ఆడదానికీ లేదు. పిలవాల్సి వస్తే పిలిచేది ఒకటే.

"ఏవండోయ్!"

గాలి నిలిచి ఉన్న వేళ. ఆ "డోయ్" పొలాల మీదుగా సాగి వెళ్ళి కొండకి తగిలింది. కొండ దాన్ని పట్టుకుంది.

గణపతిరావు తెరిచిన నోరు తెరిచినట్టే వెనక్కి తిరిగాడు. అప్పుడు తెలిసింది ఆయనకి, నోట్లో పళ్ళు లేవని. వెనక కొండ అంతా రాజ్యం గొంతుతో, ఎత్తుగా, తేటగా, అయిదో శ్రుతి పలుకుతోంది. అది ఆడవాళ్ళు పాడే శ్రుతి.

రాజ్యం రొప్పుతూ వచ్చి గ్లాసు అందించింది. ఆయన పళ్ళు పెట్టుకుని మొదటి మాట అన్నాడు: "ఎంత పని చేసేవే!"

"చెయ్యకపోతే ఏటి చేస్తురు? పళ్ళు లేకుండా అడిగేద్దురు. కొండ మూడ్రోజులూ హ హ హ అని మనల్ని చూసి నవ్వును."

ఆ మాట నిజమే. అయినా ఆయన వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. పొద్దుటినుంచీ కట్టేసుకున్న నోళ్ళు కదా. కొండ తన శ్రుతి తాను పలుకుతోంది గానీ, వినే చెవులకి అది "ఓయ్" అనే వినపడింది. విద్వాంసుల్ని తెచ్చే బండి తోలే పరదేశి వాకిట్లోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, కొండ తమర్నే పిలస్తంది. ఓపాలి ఎల్లి ఏటో కనుక్కోరాదా?"

"ఒరే పరదేశీ, బండి కట్టు. చోడవరంలో సత్యారావు గారు దిగే వేళయింది," అన్నాడు గణపతిరావు, ముఖం ఎర్రగా చేసుకుని.

సత్యారావు విజయనగరంనుంచి ఏటా వచ్చే పెద్ద విద్వాంసుడు. ఉత్సవానికి ఆయన కచేరీయే ముఖ్యం. ఊరి మలుపు తిరగగానే బండి ఆపించి చెవి ఒగ్గి విన్నాడు. తరవాత గణపతిరావు దగ్గరకి వచ్చి, "ఏవిటండీ ఇది, ఎవరి గొంతు?" అన్నాడు. సంగతి చెబితే కంగారు పడలేదు. ఆయన తెలివైనవాడు. అంత ఎత్తున మగగొంతు పాడలేదు, నిజమే. కానీ కొండ పలికే స్వరాన్ని "స" అనుకోకుండా తన పంచమం అనుకుంటే, తన ఒకటో శ్రుతి చక్కగా కింద కుదురుతుందని లెక్క కట్టాడు. లెక్క సరైనదే. కొండకి లెక్కలు రావు.

ఆ సాయంత్రం పందిట్లో సత్యారావు మోహనం ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది, పట్టు బాగుంది. కొండ మాత్రం, నా స్వరమే "స", దాన్ని పంచమం అనడానికి నువ్వెవరివి అన్నట్టు, గట్టిగా పలకసాగింది. జనం చెవుల్లో ప్రతి స్వరమూ కొండ "స" నుంచి కొలుచుకుని కూచుంది. ఆయన నోట్లోంచి బయల్దేరిన మోహనం పందిరి చివరికి వెళ్ళేసరికి శుద్ధసావేరి అయిపోయింది. పందిరి రాటకి ఆనుకున్న పరదేశి పక్కవాడితో, "బాగానే ఉంది గాని, మాడుగుల బస్సనుకుని సోడవరం బస్సెక్కినట్టుందిరా," అన్నాడు. సత్యారావుకి కూడా వినపడింది. కీర్తన మధ్యలో ఆపి, నవ్వి, చేతులు జోడించాడు. తరవాత ఒకటి రెండుసార్లు అసలు ఎత్తుకే ఎక్కి పాడాలని చూశాడు. గొంతు పగిలింది.

కచేరీ ఆగిపోగానే కొండ స్వరం కొంచెం సన్నబడింది. అందరూ విన్నారు. ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెండో రోజు గణపతిరావు అనకాపల్లికి మనిషిని పంపాడు, ఎవరైనా పాడే ఆడమనిషి దొరికితే తీసుకురమ్మని. పెళ్ళిళ్ళ ముహూర్తాల రోజులు, పాడేవాళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళు లేరు. వెళ్ళిన మనిషి ఉత్త చేతులతో రావడం ఇష్టంలేక అద్దెకి గ్రామఫోను తెచ్చాడు, మదరాసులో ఒక పెద్ద పాటగత్తె పాడిన ప్లేటుతో సహా. కీ ఇచ్చి పెడితే పాట మొదట్లో బాగానే కొండతో కలిసింది. కీ సడలేకొద్దీ శ్రుతి జారిపోయి, చివరికి ఆ పాటగత్తె కూడా గణపతిరావు గొంతుతోనే పాడింది. పిల్లలు పడి పడి నవ్వారు. సాయంత్రం ఇంకో విద్వాంసుడు నాకు జలుబు అన్నాడు. కొండ స్వరం మరింత సన్నబడింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మారు వడ్డించమనలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి కొండ శ్రుతి వినాలంటే మాటలాపి చెవి పెట్టాల్సి వచ్చింది. విస్తళ్ళు ఎత్తాక గణపతిరావు వచ్చి వంటింటి గడప మీద కూచున్నాడు. ఆ గడప మీద ఆయన కూచోవడం అదే మొదలు. లోపల అచ్చియ్యమ్మ రాత్రి వంటకి కందిపప్పు ఏరుతోంది, రాజ్యం పొయ్యిమీద పులుసు గిన్నె ఎక్కిస్తోంది.

"ఈ సాయంత్రం దాటితే అయిపోయినట్టే, రాజ్యం. మళ్ళీ పన్నెండేళ్ళో, ఎన్నేళ్ళో. మా తాత పేరు చెబితే ఇప్పటికీ కోడి అంటారు. నా పేరు చెబితే..." ఆయన ఆగిపోయాడు.

"నన్నంటారు. అనండి, ఫరవాలేదు."

"నిన్ను అనాలని కాదే."

రాజ్యం గిన్నె సర్ది, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. ఆవిడ మొహంలో భయమేమీ లేదు. రెండు రోజులుగా లేదు. గోడ అవతల ఒక్కొక్కళ్ళూ ఆ శ్రుతితో కుస్తీ పడుతుంటే, పొయ్యి దగ్గర నిలబడి ఆవిడ లోలోపల దాంతో హాయిగా పాడుకుంటూనే ఉంది. ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని చూసింది. ఇంక చూడదల్చుకోలేదు.

"ఆ సుతి నేనడిగింది. నేనే పాడతాను," అంది.

"నువ్వా? నీకు పాటొచ్చా?"

"పెళ్ళిచూపుల్నాడు పాడేను. రెండు కీర్తనలు. మీరు అరిసెలు బాగున్నాయన్నారు."

గణపతిరావు ఆ రోజుని జ్ఞాపకం చేసుకోవాలని చూశాడు. అరిసెలు స్పష్టంగా జ్ఞాపకం వచ్చాయి, వాటిమీద నువ్వులతో సహా. పాట రాలేదు. ఆయనకి సిగ్గేసింది. ఊళ్ళోవాళ్ళు ఎన్ని హాస్యాలాడినా వెయ్యని సిగ్గు ఇప్పుడు వేసింది.

"ఓలమ్మా, బాబుకి ఎరికే నేదా!" అంది అచ్చియ్యమ్మ చేట ఆపి. "రోజూ తెల్లారగట్ల గేదికి పాడతారు కదా. ఆ పాట ఇనకపోతే అది పాలివ్వదు. నానెల్లి పితికితే తన్నీసింది."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కసారీ అడగలేదేం, రాజ్యం?"

"సుతి కుదర్లేదండి. మీది ఒకటి, నాది అయిదు. ఇన్నాళ్ళూ కొండ మీ సుతిలోనే ఉంది. నన్నెవరు అడిగేరు, నేనెక్కడ పాడేది?" కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

గణపతిరావు పొయ్యిమీద గిన్నె వంక చూశాడు. తరవాత, "మరి రాత్రికి వంట?" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణం వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ, అప్పటికే రాజ్యం గరిటె ఆయన చేతిలో పెట్టేసింది.

"మజ్జిగపులుసు. పొంగేలోపు దించెయ్యండి. దొండకాయలు అచ్చియ్యమ్మ కోస్తుంది, మీరు కలియబెట్టండి. పులుసులో ఉప్పు వేసేసేను, మళ్ళీ వెయ్యకండి."

ఎండ తగ్గాక రాజ్యం పందిట్లోకి వచ్చింది. మొహం కడుక్కుని బొట్టు దిద్దుకుంది, చీర మాత్రం వంటింటి చీరే. కొంగున పసుపు మరక ఉంది. జనం దారి ఇచ్చారు. ఇదేమిటని ఒకరిద్దరు మొగాళ్ళు గొణిగారు గానీ, సత్యారావు లేచి నిలబడేసరికి ఊరుకున్నారు. ఆయన ఆవిడ ఎవరి కూతురో అడిగి తెలుసుకుని, "ఫిడేలు మేష్టారి అమ్మాయా! ముప్ఫై ఏళ్ళుగా మీ చేతి వంట తింటున్నానమ్మా, చెప్పనేలేదు," అని, తాళం వెయ్యడానికి తనే పక్కన కూచున్నాడు. ఫిడేలతను తీగలు బిగించి పైకి తెచ్చాడు. ఒకటి తెగింది. ఇంకొకటి వేసుకున్నాడు.

రాజ్యం వెంటనే మొదలుపెట్టలేదు. కళ్ళు మూసుకుని, ఉందో లేదో అన్నట్టున్న కొండ స్వరాన్ని వెతుక్కుని, దొరికాక నోరు తెరిచింది.

"స."

కొండ లేచి అందుకుంది. ఈ మూడు రోజుల్లో లేనంత నిండుగా, మొదటి తెల్లవారుజాము కంటే నిండుగా పలికింది. కొండదేదో మనిషిదేదో తెలియకుండా రెండు గొంతులూ ఒకటే అయిపోయాయి. పందిట్లో ముసలివాళ్ళు, కోడి తరం వాళ్ళు, అన్నిటినీ ఒకే ఎత్తులో మాట్లాడేవాళ్ళు, ముక్కు చీదుకోవడం వినపడింది.

రాజ్యం వర్ణం పాడింది, కీర్తనలు పాడింది. తరవాత మోహనం ఎత్తుకుంది. పందిరి రాట దగ్గర పరదేశి చెవి ఒగ్గాడు. మోహనం పందిరి చివరిదాకా వెళ్ళింది, పొలాల్లోకి వెళ్ళింది, మోహనంగానే ఉంది. "ఇదీ మన బస్సు," అన్నాడు పరదేశి తృప్తిగా. గొంతులో పొయ్యి పొగ పట్టిన బరక కొంచెం ఉన్నమాట నిజమే. పైస్థాయిలో ఒకచోట పట్టు తప్పింది. తప్పినచోట ఆగకుండా వెనక్కి వచ్చి, ఆ సంగతినే మళ్ళీ పాడి, ఈసారి తప్పకుండా దాటింది. సత్యారావు భళా అన్నాడు. అప్పుడు మొదటిసారి రాజ్యం నవ్వింది.

ముందు వరసలో ప్రెసిడెంటు కుర్చీ ఖాళీగా ఉంది. గణపతిరావు వంటింట్లో ఉన్నాడు.

గోడ అవతలినుంచి పాట వస్తోంది. మూకుడులో దొండకాయలు చిటపటమంటుంటే సగం సంగతులు వినపడటం లేదు. మూకుడు దించి విందామంటే పులుసు పొంగుకొస్తోంది. పులుసు చూద్దామంటే అవతల ఆవిడ ఏదో పెద్ద సంగతి అందుకుంటోంది, జనం ఆహా అంటున్నారు, ఏమిటో ఇక్కడికి తెలియడం లేదు. వెళ్ళి చూడాలని గుమ్మందాకా వెళ్ళాడు, మళ్ళీ పొయ్యి దగ్గరకి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు తను ముందు వరసలో కుర్చీలో కూచుని తొడమీద తాళం వేస్తుంటే, ఈ గోడ ఇవతల ఆవిడకి ఇలాగే ఉండేదని ఆయనకి అప్పుడు అర్థమైంది. ఇంత పాట ఇంట్లో పెట్టుకుని, పాట కోసం ఊళ్ళన్నీ తిరిగి మనుషుల్ని పిలుచుకొచ్చేనే అనుకున్నాడు. కళ్ళనీళ్ళు జారి మీసాల్లోకి వచ్చాయి. పొయ్యి ఊదబోయి పొగ తిన్నారనుకుని అచ్చియ్యమ్మ, "తవరు లెగండి బాబూ, నాను సూస్తాను," అంది. ఆయన లేవలేదు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఉప్పు చారెడు తీసి పులుసులో వేశాడు.

దీపాలు పెట్టే వేళకి రాజ్యం మంగళం పాడింది. ఆవిడ గొంతు ఆగింది, కొండ ఇంకో ఊపిరి సేపు పలికి ఆగింది. ఆ ఏటికి శ్రుతి చెల్లింది. రాత్రి విస్తళ్ళ ముందు కూచున్న పెద్ద పెద్ద విద్వాంసులు ఆ పులుసు నోట్లో పెట్టుకుని, ఒకరినొకరు చూసుకుని, మాట్లాడకుండా తిన్నారు. హల్వా రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

ఆ దసరాకి సత్యారావు రాజ్యాన్ని విజయనగరం పిలిచి పాడించాడు. తరవాత పిఠాపురం, తరవాత కాకినాడ. పోస్టర్ల మీద సుతికొండ రాజ్యం అని వేసేవారు. వెంట గణపతిరావు వెళ్ళేవాడు, మరచెంబూ పరుపుచుట్టా పట్టుకుని. మీవారు ఏం చేస్తారండీ అని రైల్లో ఎవరైనా అడిగితే, వంట బాగా చేస్తారు అనేది రాజ్యం. కొద్ది నెలలకి ఆ మాట నిజమైంది కూడా.

మరుసటి వైశాఖం వచ్చింది. కోడిపుంజులు చుట్టాలింటికి వెళ్ళాయి. ఉత్సవం ముందు రోజు పరదేశి వెంట చోడవరంనుంచి వచ్చిన బళ్ళలోంచి దిగినవాళ్ళంతా ఆడవాళ్ళే. ఒకావిడ తంజావూరునుంచి, ఒకావిడ మదరాసునుంచి, ఇద్దరు అక్కచెల్లెళ్ళు పిఠాపురంనుంచి. చివరి బండిలోంచి సత్యారావు దిగి, నేను ఈసారి వినడానికి వచ్చేనండీ అన్నాడు. ప్రెసిడెంటు గారి గొంతుకి ఇంతమంది ఆడవాళ్ళు ఎలా పాడతారని ఊరు ఊరంతా గణపతిరావుని అడిగింది. ఆయన మీసం దువ్వుకున్నాడు.

తెల్లవారుజామున ఆయన పట్టుపంచె కట్టి, కొబ్బరికాయ పట్టుకుని, వాకిళ్ళలో నిలబడ్డ జనం మధ్యనుంచి నోరు మూసుకుని నడిచి వెళ్ళాడు. రాజ్యం పక్క సర్దడానికి గదిలోకి వెళ్ళింది. మంచం పక్కన కంచుగ్లాసు ఉంది. పళ్ళు అందులో ఉన్నాయి.

ఏడాదిగా ఆ పళ్ళు ఆయనకి బాగా అలవాటైపోయాయని రాజ్యానికి తెలుసు.

గ్లాసు అక్కడే ఉంచి, ఆవిడ వాకిట్లోకి వచ్చింది. దూరంగా బండమీద ఆయన కొబ్బరికాయ కొట్టి, కొండవైపు కాకుండా ఇంటివైపు తిరిగి, నోరు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. రాజ్యం తొందరపడలేదు. కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకోవడం కూడా చప్పుడేనని మింగేసింది, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఏవండోయ్!"

కొండ అందుకుంది. గణపతిరావు కొండకి దణ్ణం పెట్టి, వంటకి వేళవుతోందని గబగబా ఇంటికి బయల్దేరాడు.